గ్రౌండ్ పర్మిషన్ కాయితంలనే చెత్త సంగతి గూడ రాయించుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే,

నేను హన్మకొండల ఉంటా. గవర్నమెంట్ స్కూళ్లల్ల పీఈటీగా చేసి రిటైరైన. ఇప్పటికీ పొద్దుగాల ఐదున్నరకు గ్రౌండుకు పోతా, పది పదిహేను మంది పిల్లలు వస్తరు, వాళ్లకు ఖోఖో, రన్నింగ్ నేర్పిస్త. ఏ గ్రౌండ్, ఏ టోర్నమెంట్ అనేది ఇక్కడ రాస్తలేను, ఎందుకంటే ఒక్కరిని బద్నాం చేసుడు నా ఉద్దేశం కాదు, అది మా ఒక్క గ్రౌండ్ కథ గూడ కాదు, మన దగ్గర ఏ ఊరికి పోయినా టోర్నమెంట్ అయిపోయిన తెల్లారి గ్రౌండ్ అట్లనే ఉంటది.

పోయిన దసరా సెలవులల్ల మా దగ్గర మూడు రోజులు కబడ్డీ పెట్టిండ్రు. మంచిగ జరిగింది, జనం మస్తు వచ్చిండ్రు, ఆట గూడ బాగుండె, అందుకు ఆ పిల్లలను నేను మెచ్చుకున్న. నాలుగో రోజు పొద్దున మేం ఎప్పటిలెక్కనే పోయినం. ఇంకా సరిగ తెల్లారలే, గడ్డి మంచుకు తడిసి ఉంది. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఉత్త కాళ్లతోనే రౌండ్ కొడుతుంటే కాలు జారి పడ్డది. ఏందని పోయి చూస్తే నీళ్ల ప్యాకెట్. మూల కొరికి సగం తాగి పారేసింది, సగం నీళ్లు అట్లనే ఉన్నయి, తడి గడ్డిల అది కండ్లవడనే పడదు, అడుగు పడంగనే పిసికినట్టై కాలు పక్కకు పోయింది. కాలు మడతవడి వాసింది, మూడు వారాలు పరిగెత్తలే, ఆ మూడు వారాలల్లనే జిల్లా సెలక్షన్స్ అయిపోయినయి. వాళ్ల నాయిన హమాలీ పని చేస్తడు, నన్ను ఒక్క మాట అనలేదు, "అయితది సార్, వచ్చే ఏడు ఉంటది కదా" అన్నడు. నాకైతే ఆ రోజు అన్నం పోలే.

అప్పుడు నేనూ పిల్లలూ కలిసి ఎత్తుడు మొదలువెట్టినం. నాలుగు గోనె సంచులు నిండినయి, అయినా ఒడువలే. నీళ్ల ప్యాకెట్లు, చాయ్ కప్పులు, బిర్యానీ తిన్న ప్లేట్లు, చెంచాలు, గుట్కా కవర్లు. అన్నిటికంటె నాకు బాధైంది మెరుపు ముక్కలు. బహుమతులు ఇచ్చేటప్పుడు పైకి పేలుస్తరు చూడుండ్రి, పేపర్ బ్లాస్ట్ అంటరు గానీ అండ్ల సగం మెరిసే ప్లాస్టిక్ రేకులే. ఫోటోల రెండు సెకన్లు కనవడుతయి, గంతే. ఖోఖోల పిల్లలు లైన్ల కింద కూసుంటరు కదా, చేతులు నేలకు ఆనిచ్చి, ఒక మోకాలు మట్టికి తాకేటట్టు కూసుంటరు, లేస్తే అరచేతులకు మోకాళ్లకు ఆ ఎర్రయి పచ్చయి ముక్కలు అంటుకొని వస్తున్నయి. సంక్రాంతి దాక వచ్చినయి. ఊడిస్తే పోవు, ఏరితే ఒడువవు, వాన పడితే మట్టిల ఇంకా కిందికి పోతయి.

ఊడ్వనీకి ఇద్దరు అమ్మలు వచ్చిండ్రు. అంత పెద్ద గ్రౌండుకు ఇద్దరు. వాళ్లు మాత్రం ఏం చేస్తరు, కుప్పలు చేసిండ్రు, బండి రెండు రోజులకు వచ్చింది, ఈలోపు ఎవరో ఒక కుప్పకు అగ్గి పెట్టిండ్రు. అండ్ల ఫ్లెక్సీలు గూడ ఉన్నయి. ఫ్లెక్సీ అంటే పీవీసీ, అది కాలితే వచ్చే పొగ మామూలు పొగ కాదు, గొంతు మండుతది, విషపు గ్యాసులు ఉంటయి అండ్ల. ఆ పక్కనే పిల్లలు ఎక్సర్‌సైజు చేస్తున్నరు. పరిగెత్తే పిల్ల మనకంటె ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తది, ఆటలు ఆడితే ఆరోగ్యం అని తోలుకొచ్చి మనమే ఆ పొగ పీలిపిస్తున్నం. ఆ రోజు ప్రాక్టీస్ బంద్ చేసి ఇంటికి పంపిన.

అది ఎత్తినా ఎటు పోతది, మడికొండ, రాంపూర్ దిక్కు డంపింగ్ యార్డుకే కదా. అక్కడోళ్లు ఆ వాసన, పొగ ఎట్ల భరిస్తున్నరో మీ పేపర్‌లనే ఎన్నోసార్లు వచ్చింది. ఎత్తనిది గాలికి పోయి మోరీల, మోరీ నుంచి నాలాల పడుతది. 2020 ఆగస్టుల, మల్ల 2023 జులైల మన వరంగల్ హన్మకొండ కాలనీలు ఎట్ల మునిగినయో అందరికీ యాదుంది. నీళ్ల ప్యాకెట్ల వల్లనే మునిగినయని నేను అంటలేను, చెరువులు, నాలాలు కబ్జా అయినయి, వాన అట్ల పడ్డది, కానీ ఉన్న జర్రంత దారిని గూడ మనమే ప్లాస్టిక్‌తోని మూస్తున్నం అంటున్న.

ఇదంతా ఎందుకు రాస్తున్ననంటే, మన దగ్గర పర్యావరణం అనంగనే రెండే పనులు చేస్తున్నరు. ఓపెనింగ్ రోజు చీఫ్ గెస్టుతోని మొక్క పెట్టిస్తరు, ఆఖరి రోజు ఎవరన్న మంచోళ్లు ఉంటే స్వచ్ఛ కార్యక్రమం అని కొంచెం ఎత్తుతరు. మొక్క పెట్టుడు మంచిదే, నేనూ పెట్టించిన, కానీ ట్రీగార్డ్ లేక, నీళ్లు పోసేటోళ్లు లేక ఐదుల ఒక్కటి గూడ మిగులలే. చెత్త మాత్రం టోర్నమెంట్ మొదలు కాకముందే ఖాయమైతది. కమిటీ వాళ్లు కూసుండి "నీళ్లకు ఏం చేద్దాం" అంటే ఒకరు "ప్యాకెట్లు తెప్పిద్దాం" అంటరు చూడు, చెత్త అక్కడనే పుట్టింది. తెల్లారి ఊడ్చుడు గురించి మాట్లాడుకుంటే లాభం లేదు, ఆ మీటింగ్ గురించి మాట్లాడుకోవాలె.

పెద్ద పెద్ద ఆటలు పెట్టేటోళ్లు గూడ ఈ సంగతి మెల్లగ నేర్చుకున్నరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల 95 శాతం వేదికలు అప్పటికే ఉన్నయో, ఆటలు కాంగనే ఇప్పేసేటియో వాడుకున్నరు. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి పారాలింపిక్స్ 400 మీటర్లల్ల కాంస్యం తెచ్చింది కదా, ఆమె పరిగెత్తిన స్టాద్ ద ఫ్రాన్స్ 1998 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం కట్టిన పాత స్టేడియమే, అండ్ల కొత్తగ ఏసిన ఊదా రంగు ట్రాక్‌ల సముద్రపు గవ్వల పొడి కలిపిండ్రు. టోక్యోల అయితే జనం ఇచ్చిన పాత సెల్‌ఫోన్లు, కరాబైన కరెంటు సామాను కరిగించి సుమారు 5000 పతకాలు చేసిండ్రు, ఫోన్లే 62 లక్షల దాక వచ్చినయట, పోడియంలు వాడిన ప్లాస్టిక్‌తోని చేసినయి. 2019 లండన్ మారథాన్‌ల ఒక చోట బాటిళ్లకు బదులు సముద్రపు నాచుతోని చేసిన చిన్న పొట్లాలు ఇచ్చిండ్రు, మింగినా ఏం కాదు, పారేసినా మట్టిల కలిసిపోతది. ఇవన్నీ మనం చేయాలె అని కాదు, మనకు అంత పైసలు లేవు. కానీ వాళ్లు ఈ లెక్కలన్నీ ఆటలు అయినంక వేయలే, ముందే వేసిండ్రు. గది చూడాలె మనం.

2022 ఖతర్ వరల్డ్ కప్‌ల జపాన్ టీమ్ డ్రెస్సింగ్ రూమ్ ఎట్ల సాఫ్ చేసి పోయింది, కాయితం కొంగలు మడిచి పెట్టి థాంక్యూ రాసి పోయింది, ఆ ఫోటో నేను మా పిల్లలకు చూపించిన. వాళ్ల అభిమానులు గూడ నీలం సంచులు పట్టుకొని స్టాండ్‌లు సాఫ్ చేస్తరు. ఆ ఫోటో చూసి మా పిల్లగాడు ఒకడు అడిగిండు, "సార్, వాళ్ల దగ్గర అంత తక్కువ చెత్త ఎట్లుంటది, మన దగ్గర ఒక్కనితోని ఒక్క సంచి సరిపోదు కదా" అని. మంచి ప్రశ్న అది. జనం ఎంత మంచోళ్లైనా, పదివేల ప్యాకెట్లు పంచినంక ఎత్తుడు అంటే కాదు.

పదివేలు ఊరికే అంటలేను, లెక్క చూడుండ్రి. కబడ్డీ టీమ్ అంటే ఏడుగురు, ఐదుగురు సబ్‌స్టిట్యూట్లు, మొత్తం పన్నెండు మంది. ముప్పై టీమ్‌లు వస్తే 360 మంది. ఒక్కొక్కరు రోజుకు రెండు లీటర్లు తాగితే, 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లు మనిషికి పది, రోజుకు 3600, మూడు రోజులకు 10,800. ఇది ఆడేటోళ్లకే, చూసేటోళ్లను లెక్క పట్టలే. అదే 20 లీటర్ల క్యాన్ ఒక్కటి వంద ప్యాకెట్లకు సమానం, రోజుకు 36 క్యాన్లు చాలు, క్యాన్ వాపస్ పోతది, గ్రౌండ్‌ల ఏం మిగులది. ఖర్చు గూడ తక్కువే పడుతది, నేను రెండూ కొని చూసిన కాబట్టి చెప్తున్న.

పేపర్ కప్పు పెడితే అయిపాయె అంటరు కొందరు. పేపర్ కప్పు లోపట సన్నగ ప్లాస్టిక్ పూత ఉంటది, లేకపోతే చాయ్ నిలువది కదా, అందుకే అది మట్టిల కలువది, పాత కాయితాలోడు గూడ తీసుకపోడు. ఎండకాలం చలివేంద్రాలు పెట్టుడు మనకు పుట్టుకతోని వచ్చింది, రంజన్ల నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి, ఒక స్టీలు గ్లాసు పెట్టి ఉంచేటోళ్లు, గంతే. తిండికి మోదుగాకు ఇస్తార్లు, డొప్పలు. ములుగు, ఏటూరునాగారం దిక్కు ఆ ఆకులు కుట్టుకొని బతికేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు, వాళ్ల దగ్గర కొంటే వాళ్లకింత పైసలు, తిన్నంక పారేస్తే పశువులు గూడ తింటయి. సిద్దిపేట దిక్కు స్టీల్ బ్యాంకులు అని పెట్టిండ్రు, ఊర్లల్ల మహిళా సంఘాల దగ్గర ప్లేట్లు గ్లాసులు ఉంటయి, ఫంక్షన్ ఉంటే కిరాయికి తెచ్చుకొని కడిగి ఇచ్చుడు. పెండ్లికి పనికొచ్చింది టోర్నమెంటుకు ఎందుకు పనికిరాదు?

ఫ్లెక్సీల సంగతి ఇంకోటి. 2022 జులై 1 నుంచి దేశమంతట ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, 100 మైక్రాన్ల కంటె పల్చటి పీవీసీ బ్యానర్లు బంద్ అయినయి. చట్టం ఉంది. నీళ్ల ప్యాకెట్ ఆ లిస్టుల లేదు గానీ ప్లేట్, గ్లాస్, చెంచా ఉన్నయి కదా, మరి గ్రౌండ్‌ల అడిగేటోళ్లు ఎవరు? ఒక్క టోర్నమెంటుకు ముప్పై నలభై ఫ్లెక్సీలు కడుతరు, దాత ఫోటో, దాత కొడుకు ఫోటో, తేదీ. తేదీ ఉన్నంక మల్ల ఏడాది పనికిరాదు. నేను చెప్పేది ఏందంటే బట్ట మీద రాయించుండ్రి, సంవత్సరం రాయకుండ్రి, టోర్నమెంట్ పేరు మాత్రమే రాస్తే ఐదేండ్లు కట్టుకోవచ్చు, దాతల పేర్లు ఒక బ్లాక్‌బోర్డు మీద చాక్‌పీసుతోని రాస్తే ఏం తక్కువైతది, మైకుల పది సార్లు చెప్పండి, వాళ్లు ఇంకా ఖుషీ అయితరు. రాసేటోళ్లు గూడ ఉన్నరు మన దగ్గర, పెయింటర్లు, ఫ్లెక్సీ వచ్చినంకనే కదా వాళ్ల చేతుల పని పోయింది.

రాత్రి క్రికెట్ టోర్నమెంట్ల గురించి కొంచెం. డీజిల్ జనరేటర్ పెట్టి పెద్ద పెద్ద లైట్లు కడుతరు, రాత్రంత ఆ సప్పుడు, పొగ. ఎన్‌పీడీసీఎల్, అంటే కరెంటు ఆఫీసు వాళ్ల దగ్గర టెంపరరీ కనెక్షన్ తీసుకొని ఎల్ఈడీ లైట్లు పెట్టుకుంటే పోతది. ఇంకోటి ఎవరూ ఆలోచన చేయనిది, టైమింగ్. ఫైనల్ రాత్రి పదకొండు దాక గుంజితే ఊర్లకు పోయే ఆఖరి బస్సు ఎప్పుడో పోయి ఉంటది, అందుకే అందరూ బండ్లేసుకొని వస్తరు, ఒక్కొక్క టీమ్ రెండు ఆటోలు, ఒక కారు. చానా ఆటలకు ఎక్కువ పొగ వచ్చేది జనం వచ్చిపోయే బండ్ల నుంచే. ఫైనల్ సాయంత్రం ఐదుకు పెట్టి ఏడుకు ఒడగొడితే సగం మంది ఆర్టీసీ బస్సుల పోతరు, ఆడపిల్లలు గూడ చూడనీకి వస్తరు. బయటి జిల్లా టీమ్‌లకు కాజీపేట జంక్షన్ ఉంది, రైలు టైం చూసి మ్యాచ్ పెట్టుండ్రి, పెద్ద పని కాదు.

5కే రన్‌లు గూడ ఎక్కువైనయి ఇప్పుడు, మంచిదే, కానీ ప్రతి రన్‌కు ఒక పాలిస్టర్ టీషర్ట్ ఎందుకు? ఒకసారి వేసుకొని బండి తుడిచే బట్ట అయితది. కావాల్నా వద్దా అని పేరు రాయించుకునేటప్పుడే అడగాలె.

ఇగ అసలు అడిగేది. గ్రౌండ్ మున్సిపాలిటీది కానీ, స్కూల్‌ది కానీ, కాలేజ్‌ది కానీ, గ్రామ పంచాయతీ క్రీడా ప్రాంగణం కానీ, ఎవరి చేతుల ఉన్నదో వాళ్లు పర్మిషన్ ఇచ్చే కాయితంలనే నాలుగు ముక్కలు రాయాలె. నీళ్ల ప్యాకెట్లు, ఒకసారి వాడే ప్లేట్లు కప్పులు తేవొద్దు. పేపర్ బ్లాస్ట్ పేల్చొద్దు. అయిపోయినంక గ్రౌండ్ ఎట్ల ఇచ్చినమో అట్ల అప్పజెప్పాలె. దీనికి కొంత డిపాజిట్ కట్టించుకోవాలె, ముందుగాల ఫోటోలు తీసి పెట్టుకోవాలె, తెల్లారి వచ్చి చూసి సాఫ్ ఉంటే అక్కడికక్కడ పైసలు వాపస్ ఇయ్యాలె, లేకపోతే ఆ పైసలు ఊడ్చే అమ్మలకు కూలి కింద ఇయ్యాలె. వాపస్ ఇచ్చుడు మాత్రం ఆఫీసు చుట్టూ తిప్పకుండ ఇయ్యాలె, తిప్పితే ఎవడూ సాఫ్ చెయ్యడు. సీఎం కప్ ఊరి నుంచి మండలం, జిల్లా, రాష్ట్రం దాక నడుస్తది కదా, సర్కారే పెట్టే ఆటలల్ల ఈ షరతు మొదలైతే బయట టోర్నమెంట్ల వాళ్లకు చెప్పనీకి నోరుంటది.

ఇట్ల రూల్స్ పెడితే పిల్లలు టోర్నమెంట్లు పెట్టుడే బంద్ చేస్తరు అని నా తోటి పీఈటీ ఒకాయన అన్నడు. ఆ మాట కొట్టిపారేయలేం. చందాలు ఎత్తుకొని, పగలు రాత్రి తిరిగి, చేతి పైసలు పెట్టుకొని పెట్టే పిల్లలు వాళ్లు, వాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టాల్నని నాకూ లేదు. అందుకే ముందు మేమే చేసి చూద్దామని సంక్రాంతికి చిన్న ఖోఖో టోర్నమెంట్ పెట్టినం, ఎనిమిది టీమ్‌లు, రెండు రోజులు. నాలుగు రంజన్లు, రెండు డ్రమ్ములు, టెంట్ హౌస్ నుంచి వంద స్టీలు గ్లాసులు తెచ్చినం. మొదటి రోజు పదకొండు గంటలకే గ్లాసులు తక్కువైనయి, కడిగేటోళ్లు లేరు, ఒక గ్లాసు నలుగురు తాగుతుంటే వాళ్ల అమ్మలు వచ్చి కోపం చేసిండ్రు, వాళ్ల కోపం కరెక్టే. రెండోరోజు ప్రతి పిల్ల తన బాటిల్ తనే తెచ్చుకోవాలె అని చెప్పినం, బాటిల్ మీద ఇంటిపేరు రాసిన ప్లాస్టర్ అంటిచ్చినం, గ్లాసులు చూడనీకి వచ్చినోళ్లకు ఇచ్చినం, కడుగుడుకు ఇద్దరిని కూలికి పెట్టినం, కడిగిన నీళ్లు మోరీల పోనియ్యక చెట్ల మొదలుకు మలిపినం. అన్నం మోదుగాకు ఇస్తార్లల్లనే పెట్టినం. కూలి కలుపుకున్నా ఖర్చు ఎక్కువ కాలే. బహుమతి కింద కప్పుకు బదులు గెలిచిన టీమ్‌కు కొత్త పోల్స్ ఇచ్చినం, ఖోఖోకు పోల్సే కదా కావాల్సింది, వాళ్ల స్కూల్‌ల ఇప్పుడు ఆ పోల్స్ మధ్యనే ఆడుతున్నరు. కప్ లేదని మొదట్ల చిన్నబోయిండ్రు గానీ.

రెండు రోజులు అయినంక ఎత్తితే ఒక్క గోనె సంచి గూడ నిండలే. తెల్లారి ఐదున్నరకు మామూలుగ ప్రాక్టీస్ చేసుకున్నం, ఎవరూ ఏం ఏరలే.

2021 సెప్టెంబర్ల మన హన్మకొండ జేఎన్ స్టేడియంల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది, హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లల్ల ఉరికి, 2002 నుంచి ఎవరూ దాటని పాత నేషనల్ రికార్డ్ కొట్టింది. ఇంకా పెద్ద ఆటలు మన ఊరికి రావాలె, అందరం అడుగుతున్నం, నేనూ అడుగుత. రేపు అట్ల వచ్చినప్పుడు చెత్త గురించి అప్పటికప్పుడు నేర్చుకునే టైం ఉండది, ఇప్పుడే మన గల్లీ టోర్నమెంట్లల్ల అలవాటు కావాలె.

కాలు మడతవడ్డ అమ్మాయి మల్ల వస్తున్నది, మంచిగ పరిగెత్తుతున్నది. రౌండ్ మొదలు పెట్టేముందు ఇప్పుడు ఆమె ఒకసారి ట్రాక్ అంత నడిచి చూసుకుంటది, కండ్లు కిందికేసి. నేను చెప్పలే ఆమెకు అట్ల చేయమని.

టెంట్ హౌస్‌కు ప్రతిసారి కిరాయి ఎందుకని మేం మా పిల్లల తల్లిదండ్రులం, పాత స్టూడెంట్లం తలా ఇంత వేసుకొని నూట యాభై స్టీలు గ్లాసులు కొన్నం. డ్రమ్ములు, రంజన్లు గూడ ఉన్నయి. హన్మకొండ, వరంగల్, కాజీపేటల ఏ పిల్లలు టోర్నమెంట్ పెట్టినా ఊకెనే ఇస్తం, కిరాయి వద్దు. కడిగి, లెక్క పెట్టి తిరిగి తెచ్చియ్యాలె.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
హన్మకొండ